నిమిషం దాటిన స్ట్రిప్

మార్చి 3
అందరి ముందూ పరువు తీశాడు ల్యాబ్ ఇన్‌చార్జ్. వెనకాల మేం ఆయన్ని గడియారం అంటాం. చెల్లి వాళ్ల వీధి బోరు నీళ్లు పరీక్షకి నేనే తెచ్చాను. సీసాని ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి నింపాను. ఎరువుల నైట్రేట్ ఎంతుందో రంగులో చూపే స్ట్రిప్ ముంచి తీసి, సరిగ్గా నిమిషానికి చూశాను. ముదురు గులాబీ. అంటే చంటిపిల్లలకు పనికిరావు. నిమిషం దాటాక చూసుంటావు, ఆలస్యమైతే రంగు ముదురుతుందని తెలీదా అన్నాడు. రిజిస్టర్లో నేను రాసిన అంకె కొట్టేసి ఎర్ర పెన్నుతో ఓకే రాశాడు. పోయిన నెల ఆ బోరు మంచిదని సంతకం పెట్టింది ఆయనే మరి.

సాయంత్రం చెల్లి ఫోన్ చేసింది. ఆ నీళ్లతో చంటాడికి డబ్బా పాలు కలపొచ్చా అక్కా అంది. కలుపు అన్నాను. నిజంగానే ఆలస్యంగా చూశానేమో అనిపించింది.

మార్చి 11
చంటాడి పెదాలు నీలంగా మారాయి. హాస్పిటల్లో పెట్టారు. నీళ్లు కాచే కలిపానని చెల్లి ఒకటే ఏడుపు. ఇది నీళ్లలోని నైట్రేట్ వల్లేనని, కాస్తే అది ఇంకా చిక్కబడుతుందని డాక్టర్ అన్నాడట. చెల్లి నా వైపు చూసి, టెస్ట్ చేసింది నువ్వే కదా అంది.

మార్చి 12
గడియారం, నీ పని పడతా.

మార్చి 19
చంటాడు ఇంటికొచ్చాడు. చెల్లి నన్ను గుమ్మంలోనే ఆపేసి, పడుకున్నాడు అంది. లోపల వాడి ఏడుపు వినబడుతూనే ఉంది.

ఏప్రిల్ 2
గడియారం స్వయంగా సీసా పట్టుకొచ్చాడు. కూతురు పసిబిడ్డతో వచ్చిందట, ఇంటి బోరు నీళ్లు చూడమన్నాడు. ఇంకెవరికీ ఇవ్వకమ్మా, నీ చెయ్యి నమ్మకం అన్నాడు. నా చెయ్యి! నవ్వాలో చెంప పగలగొట్టాలో తెలియలేదు. ఫోన్లో టైమర్ పెట్టి ముంచాను. అరవై సెకన్లు. అదే గులాబీ. స్ట్రిప్ చెత్తబుట్టలో పడేసి, కాగితం మీద ఓకే రాసిచ్చాను. మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను, ఎన్నాళ్లకో.

5:40
ఆయన కూడా చూడాలి నీలం పెదాలు.

5:55
ఆ పిల్ల ఏం చేసింది?

6:00
ఛీ. స్ట్రిప్పుల డబ్బా తీసుకుని గడియారం ఇంటికి బయల్దేరుతున్నా.

7:30
తలుపు ఆయనే తీశాడు. రాసిచ్చింది అబద్ధం, స్ట్రిప్ గులాబీకి తిరిగింది అన్నాను. వంటగట్టు మీద పాలు కలిపిన సీసా సిద్ధంగా ఉంది. ఆలస్యంగా చూసుంటావు అన్నాడు, అలవాటుకొద్దీ. అయితే మీరే ముంచండి అన్నాను. కూతురి ఎదుటే పైకి లెక్కపెట్టించాను. ఇరవైకి లేత గులాబీ. నలభై దాటాక ఆయన లెక్క ఆపేశాడు. మిగతా ఇరవై నేను లెక్కపెట్టాను, గట్టిగా, తాపీగా. కూతురు ఆ పాలు సింకులో ఒంపేసింది. ఆయన మొహం చూస్తే ప్రాణం లేచొచ్చింది. సిగ్గేం లేదు నాకు.

ఏప్రిల్ 3
రిజిస్టర్లో తన ఎర్ర ఓకే గడియారం తనే కొట్టేసి సంతకం పెట్టాడు. చెల్లి వాళ్ల వీధి బోరుకి తాళం పడింది. నా ఓకే కాగితం మాత్రం, నా మీద సాక్ష్యంగా, ఫైల్లో దాచుకున్నాడు. దాచుకోనీ.

ఆయన కొట్టేసిన రిజిస్టర్ పేజీ ఫోటో తీసి చెల్లికి పంపాను. చూసింది. నీలం టిక్కులు పడ్డాయి, అంతే.