ఫోన్ చేశానని పెట్టిన టిక్కు

మంగళవారం, రాజమండ్రి

కడియంలో నర్సరీ ఉన్న సూర్యారావు గారు ఈ రోజు, వెబ్‌సైట్లు పెట్టిచ్చే మా ఆఫీసుకొచ్చారు. ఆయన వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదని పుణె నుంచి మొక్కలు కొనేవాళ్లు చెబితే గాని ఆయనకు తెలియలేదట. డొమైన్, అంటే ఆ వెబ్‌సైట్ పేరు, గడువు దాటి నెల పైనే అయింది. ఇప్పుడు ఆ పేరు దక్కాలంటే రెన్యువల్‌తో పాటు పెద్ద ఫైన్ కట్టాలి.

గడువుకు ముందే కస్టమర్‌కు ఫోన్ చేసి, రిజిస్టర్‌లో టిక్కు పెట్టడం నా పని. ఆయన పేరు పక్కన నా టిక్కు ఉంది. ఫోన్ మాత్రం చెయ్యలేదు. కొత్తవాళ్లతో ఫోన్‌లో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. మూడు మెయిళ్లు పంపి, చేసినట్టే అనుకున్నాను.

మేనేజర్ గారు రిజిస్టర్ తెరిచి చూపించారు. "మా అమ్మాయి ఫోన్ చేసిందండీ. మీరే ఎత్తలేదు."

సూర్యారావు గారు నా వైపు తిరిగారు. "చేసే ఉంటావులేమ్మా. మొక్కల్లో ఉంటే నాకు ఫోన్ వినపడి చావదు. ఇంట్లో మా ఆవిడదీ రోజూ అదే తిట్టు" అని నవ్వారు.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. తల వంచుకుని, ఆయన కట్టిన ఫైన్‌కు రసీదు రాశాను. చిన్నప్పుడు కాన్వెంట్‌లో ఇంకు ఒలికినా సిస్టర్ దగ్గరికి నేనే వెళ్లి చెప్పేదాన్ని.

వెళ్తూ సూర్యారావు గారు, "ఈసారి రెండుసార్లు చెయ్యి తల్లీ" అన్నారు.

నిజం చెప్పేద్దామని ఇందాక ఆయనకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

"ఎవరండీ?" అన్నారు.

నేను పెట్టేశాను.