రాత్రంతా పక్కనే ఉండేవాడు

మంగళవారం, రాత్రి పదకొండున్నర

పొద్దున ఆయన నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, నేను చదువుతున్న రక్తపిశాచి ప్రేమకథ తిరగేశారు. ఈ వరసలో నాకిది ఐదో పుస్తకం.

"ఏటుందే ఇందుల, అంతలా సదివేత్తన్నావు?"

"రాత్రంతా ఆ పిల్ల పక్కనే ఉంటాడు," అన్నాను.

"ఈడికి డ్యూటీ లేదేటి?"

ఇద్దరం నవ్వాం, ఎన్నాళ్లకో. తర్వాత ఆయన వెలుతురు రాకుండా కిటికీకి దుప్పటి కట్టి పడుకున్నారు.

సాయంత్రం ఈ హిందీవాళ్ల ఊళ్లోని పవర్ హౌస్ బజార్లో ఆయనతో పనిచేసే రమణ భార్య కనిపించింది. "మీ ఆయన దేవుడు దీదీ! మూడు నెల్లనుంచి మా ఆయన నైట్లన్నీ తనే అడిగి మార్చుకుంతన్నారు," అంది.

నాతో మాత్రం ఈయన, పైవాళ్లే నైట్లు వేస్తున్నారని చెప్పారు.

తొమ్మిదింటికి క్యారేజీ అందిస్తూ అడుగుదామనుకున్నాను. "తలుపేసుకో," అని బండెక్కేశారు.

ఇప్పుడు పుస్తకం తెరిచాను గానీ చదవబుద్ధి కావడం లేదు. ఇందులో అతనికి పగలంటే ఎందుకు భయమో మొదటి పేజీలోనే రాశారు. ఈయనకి రాత్రిపూట మా ఇల్లంటే ఎందుకు భయమో నాకెవరు చెబుతారు?