చెగోడీల సంచి

యొకహామా,
12 మే 2016

ఏమండీ,

నేనూ అమ్మాయీ కులాసా. కావ్యకి నెలలు నిండాయి కదా, డాక్టరు నడవమందని నిన్న రేవు ఒడ్డున పాత ఎర్ర ఇటుకల గోదాముల దాకా నడిపించాను. చెగోడీల సంచి బెంచీ మీద మరిచిపోయి గంటకి వెనక్కి వెళ్లాను. అలాగే ఉంది. నమ్మకం కుదరక అక్కడే కూర్చుని లెక్కపెట్టాను. ఒక్కటీ తగ్గలేదు.

బేసింగ్‌స్టోక్‌లో మనింటి చెత్త బిన్లు బయట పెడుతున్నారా? జీపీ డాక్టరు దగ్గర చేయించుకోవాల్సిన షుగర్ టెస్టు సంగతి నేను అడిగితే ఫోన్లో మాట మారుస్తున్నారేం? అబ్బాయి వంశీ యూనివర్సిటీ నుంచి వస్తే పెట్టమని బీరువాలో ఉంచిన సున్నుండలు ముప్పై ఆరు. ఇది చదివి లెక్క చూడ్డానికని డబ్బా తెరవకండి. దాని దారానికి నేను వేసిన ముడి మీకు రాదు.

వంశీకి ఆశీస్సులు.

కాంతం