పన్నెండు వందల మెట్లు

బాబాయ్‌కి,

నీ అమ్మలు నమస్కారాలు. ఇక్కడ ఇంట్లో యుద్ధం జరుగుతోంది. మా ఆయనకి పదిహేను రోజులు సెలవు దొరికింది. ఆయనేమో నీలం నీళ్ళూ కొబ్బరిచెట్లూ ఉన్న దీవులంటారు. మా అత్తగారేమో పాత రాతి గుళ్ళు చూడందే కుదరదంటారు. రెండూ ఒక్క ప్రయాణంలో కుదిర్చే మొనగాడివి నువ్వొక్కడివే. అచ్చాఫీసు పని మీద అవన్నీ తిరిగొచ్చానని చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాకు ఎన్ని కథలు చెప్పావో! ఏ రోజు ఎక్కడ ఉండాలో రాసి పంపు.

ఇట్లు, మధ్యలో నలిగిపోతున్న
అమ్మలు

తా.క.: నువ్వన్ని ఊళ్ళు తిరిగావు కదా, పిన్ని ఒక్కసారీ నీతో ఎందుకు రాలేదు? అడగమంటావా?

*

అమ్మలూ, ఆశీస్సులు.

నీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను. ముప్పై రెండేళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకోదు.

మొదటి మూడు రోజులు నది ఒడ్డు గుళ్ళు. ఉత్తరం వాకిట్లోంచి వెళ్ళండి. ఎడమవైపు తొండం విరిగిన రాతి ఏనుగు ఉంటుంది. నాలుగో రోజు కొండ మీది గుడి. అది చూడకపోతే ఏమీ చూడనట్టే. ఆ తర్వాత రేవుకి పోయి ఓడెక్కండి. పెద్ద దీవిలో రెండు రోజులు, పగడాల దీవిలో మూడు రోజులు. పదకొండో రోజు చిన్న దీవిలో దిగగానే ఎదురుగా దీపస్తంభం కనిపిస్తుంది.

ఉంటాను,
బాబాయ్

తా.క.: పిన్నిని ఏమీ అడక్కు. తనకి పని ఎక్కువ.

*

బాబాయ్‌కి,

అమ్మలు నమస్కారాలు, ఈసారి తప్పుల్లేకుండా. రెండు చిక్కులొచ్చాయి.

ఒకటి, పదకొండో రోజు దీపస్తంభం చూశామే అనుకో. తర్వాత? నీ ప్లానులో తిరుగు ప్రయాణం లేదు. నీ కథల్లోనూ ఉండేది కాదు. నువ్వు దీవిలోనే ఉండిపోయావేమోనని ఎదురుగా నిన్ను పెట్టుకునే ఏడ్చేదాన్ని, గుర్తుందా? లైబ్రరీ నుంచి పాత గైడు పుస్తకం తెచ్చాను. మీ అచ్చాఫీసులో వేసిందే. చివరి పేజీలు ఎవరో చింపేశారు.

రెండు, కొండ గుడికి పన్నెండు వందల మెట్లని అందులో ఉంది. మా అత్తగారి మోకాళ్ళు నీకు తెలుసు. ఆ గుడి మానేస్తున్నాం.

అమ్మలు

తా.క.: తొండం విరిగిన ఏనుగు ఆ పుస్తకంలోనూ ఉంది, నీ మాటల్లోనే. రాసినవాడెవడో నీ దగ్గర విని కొట్టేశాడు బాబాయ్! వదలకు వాణ్ణి.

*

అమ్మలూ, ఆశీస్సులు.

కొండ గుడి మానకండి. మీ అత్తగారు హాయిగా ఎక్కుతారు. పుస్తకంలో ఉన్నదంతా నమ్మకు. తిరుగు ప్రయాణం సంగతి అక్కడెవరైనా చెప్తారు.

తొందరలో,
బాబాయ్

తా.క.: పుస్తకం రాసినాయన జోలికి పోకు. పెద్దమనిషి.

*

బాబాయ్‌కి,

నమస్కారాలు పెట్టే ఓపిక లేదు. నీ చేతి మీదుగా పోయిన అచ్చులో తప్పుండదని ఊరంతా చెప్పుకున్నవాడివి, ఇప్పుడు మీ పుస్తకమే నమ్మకు అంటావేంటి? "నన్ను మెట్ల మీద చంపేసి, మిమ్మల్ని దీవిలో వదిలేసి మీ బాబాయి ఏం బాగుపడతాడే?" అంటున్నారు మా అత్తగారు. మా ఆయన నవ్వడం లేదు.

శుక్రవారం టికెట్ల ఆఫీసుకెళ్ళి మా ప్రయాణంలోంచి కొండ గుడి కొట్టేయిస్తాను. ఆ మాట విని ఆవిడ తన గదిలోకెళ్ళి మంచం మీద కూచున్నారు. "ఈ వయసులో ఇంక వెళ్ళేదెప్పుడులే" అన్నారు. నాకేమీ బాగాలేదు. నిజమేదో రాయి.

అమ్మలు

తా.క.: ఎర్ర సిరా వాడావంటే ఊరుకోను.

*

అమ్మలూ,

కొట్టేయించకు. నూట ఇరవై మెట్లే. పుస్తకంలో ఒక సున్నా ఎక్కువ పడింది. దాన్ని చూడకుండా వదిలేసింది నేనే.

నేను ఏ ఊరూ వెళ్ళలేదు తల్లీ. అచ్చాఫీసు కిటికీ పక్క బల్ల దగ్గర కూచుని ఆ పుస్తకం ప్రూఫులు చదివాను, అంతే. పక్క బల్లాయనా నేనూ పంచుకున్నాం. గుళ్ళూ, దీవులకి వెళ్ళడమూ నా వాటా. తిరిగిరావడం ఆయన వాటా.

అచ్చయ్యాక గొప్పగా ఒక కాపీ తెచ్చి మీ పిన్నికిచ్చాను. ఇద్దరం వెళ్దామని సంచులు కూడా సర్దుకున్నాం. మెట్ల పేజీ దగ్గరికొచ్చి తను ఆగిపోయింది. "పన్నెండు వందలు నా వల్ల కాదు, మీరొక్కరే వెళ్ళిరండి" అంది. ఒక్కణ్ణీ ఏం వెళ్తాను? సంచులు విప్పేశాం. నెల తిరక్కుండా, మెట్లు నూట ఇరవయ్యేనని తప్పొప్పుల చీటీ అచ్చుకొచ్చింది. అదీ నేనే దిద్దాను. అందరి తప్పులూ పట్టేవాణ్ణి, నా తప్పు నా భార్యకి చెప్పడానికి నోరు రాలేదు. వచ్చే ఏడు చెప్దాం, వచ్చే ఏడు చెప్దాం అనుకుంటుండగానే తన మోకాళ్ళు నిజంగా పోయాయి. ఇప్పుడు గడప దాటాలన్నా నా భుజం పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడల్లా చచ్చిపోవాలనిపిస్తుంది. మీ అత్తగారికి అలా కానివ్వకు.

తలెత్తుకోలేని
బాబాయ్

తా.క.: చదివి చింపెయ్. పిన్నికి తెలియనివ్వకు.

ఇంకో తా.క.: అమ్మలూ, నేను పిన్నిని. ఈ ఇంట్లో కవర్లు అంటించేది నేనేనని ఆయనకి ఇన్నేళ్ళయినా తట్టలేదు. ఆ చీటీ అప్పుడే ఆయన చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది. రేపు చెప్తారులే, ఎల్లుండి చెప్తారులే అని చూశాను. నేనే అడిగేస్తే పోయేది. నాకూ పట్టుదల. ఆయనొక్క మాట చెప్పినా, నేనొక్క మాట అడిగినా ఎక్కేసి వచ్చేవాళ్ళం. ఇద్దరం కలిసే పోగొట్టుకున్నాం.

మీ అత్తగారిని పదేసి మెట్లకోసారి కూచోబెడుతూ ఎక్కించు. పైన నాకోసం కూడా కాసేపు కూచో. చిన్న దీవి నుంచి తిరుగు పడవ బుధవారం పొద్దున ఏడింటికి, దీపస్తంభం వెనక రేవులో. వేళ మారిందేమో కనుక్కో. ఆయన తన వాటా పేజీలే చదివారు. నేను పుస్తకమంతా చదివాను.