విలన్ చెంపకు ఆకుపచ్చ

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల నీ కుంచెలకు దండం పెట్టి మాదాపూర్‌ల ఆఫీసుకు పోయిన.

నువ్వు నిచ్చెనెక్కి సినిమా బ్యానర్ల మీద విలన్ చెంపకు ఆకుపచ్చ పూస్తుంటే నేను కింద నిలబడి నవ్వేదాన్ని, యాదికున్నదా? "బస్సుల పోయేటోడు ఒక్క చూపుల దొంగెవడో పట్టాలె బిడ్డా" అన్నవు.

మేం కంప్యూటర్‌ల బొమ్మల సినిమా చేస్తున్నం. పిల్లలను పిలిచి చూపిస్తే అండ్ల దొంగను గుర్తుపడతలేరు. మా సార్, "వాడి కింద దొంగ అని రాసేద్దాం" అన్నడు. నేనొద్దని, వాని చెంపకు జర ఆకుపచ్చ పెట్టి, వెలుగు కింది నుంచి పెట్టిన. ఇయ్యాల మల్ల చూపిస్తే, వాడు నోరు తెరవకముందే పిల్లలంత "దొంగ! దొంగ!" అని లొల్లి చేసిండ్రు.

సార్ పరేషానయ్యి, "ఏ కాలేజీలో నేర్చుకున్నావమ్మా?" అన్నడు.

"మా నాయిన నిచ్చెన కింద, సార్" అన్న, ఆఫీసంత వినబడేటట్టు.