చేతికిచ్చిన చాకు

ఆదివారం

మల్లేశం ఈరోజు మొయినాబాద్ నుంచి నా దుకాణానికి వచ్చాడు. జేబులోంచి ఆ మడత చాకు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. బర్రెకొమ్ము పిడి. ముడిమ్యాల కమ్మరి నర్సయ్య చేసిన ఆఖరి చాకు. ఆయన పోయాక దాన్ని నాకే ఇస్తానని ఆయన భార్య లచ్చవ్వ మాటిచ్చింది. నేను జ్వరంతో మంచం పట్టిన వారంలో వీడు ఆమె దగ్గరికి వెళ్లి, "అన్ననే నన్ను పంపిండవ్వా" అని చెప్పి తెచ్చుకున్నాడు. పదేళ్లుగా ఇద్దరం కలిసి పాత చాకులు పోగేస్తున్నాం. నాకే ఈ పని చేశాడు.

"తుప్పు పట్టి తెరుసుకుంట లేదన్నా, జర చూడు" అన్నాడు, సిగ్గు లేకుండా.

నూనె వేసి, నాలుగుసార్లు తెరిచి మూశాను. చాకు ఒకరి చేతి నుంచి ఇంకొకరు అందుకుంటే పగ పుడుతుందని వాడికి గట్టి నమ్మకం. నాకు నవ్వొచ్చినా, వాడి కోసం ఇన్నేళ్లూ కింద పెట్టేవాణ్ని, వాడు తీసుకునేవాడు. ఈరోజు మాత్రం వాడి చెయ్యి పట్టుకుని, మడిచిన చాకు అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాను.

వాడు తెల్లబోయాడు. "ఇదేందన్నా, కింద పెట్టక చేతికిస్తివి?"

"లచ్చవ్వకు ఏం చెప్పి తెచ్చినవ్‌రా?"

తెప్పించిన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

లచ్చవ్వకు నిజం చెప్పాలా? మోసపోయానని ఆ ముసలామె కుమిలిపోతుందేమో...

ఆ చాకు నమ్మకాన్ని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు మాత్రం అది నిజం కావాలని ఉంది.