దినారు పెరిగితే గాజులూ పెరిగాయి

శుక్రవారం, రాత్రి

కువైట్‌లో సెలవు కాబట్టి మా ఆయన మధ్యాహ్నమే ఫోన్ చేశాడు.

"రూపాయి పడిందంట, చూసినావా మే? దినారుకు దుడ్లు శానా వస్తాండాయి. ఇంకో ఏడాది ఉండి, నీ గాజులు చేయించుకోనే వస్తా."

వీసా కోసం అమ్మిన గాజులవి. మళ్లీ చేయించందే ఇంటికి రానని ఆయన పంతం.

సాయంత్రం ప్రొద్దుటూరు బజారులో ఆయన అన్నమాట చెప్పి బంగారం ధర అడిగాను. షాపతను నవ్వాడు.

"బంగారం బయట దేశం నుంచి రావల్ల గదమ్మా. రూపాయి పడితే అదీ ఎక్కుతాది. పండగ మీ ఆయప్పకే, నీకు గాదు."

ఈ సంగతి చెబితే ఆయన ఇంకో ఏడాది కలుపుతాడు. గాజులొద్దు, నువ్వు రా అని రేపు ఫోన్‌లో చెప్పాలి. పోయిన ఏడాదీ ఇలాగే అనుకున్నాను.